తిప్పి చూసిన ముఖం

భయం కడుపులో పుడుతుందంటారు. నాకు మాత్రం చూపుడు వేలి చివర పుట్టింది. గురువారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పోలీసు స్టేషన్ మేడ మీద ఉన్న నా గదిలో, గాజు మీద ఒక గుర్తును నొక్కిన వేలు అక్కడే బిగుసుకుపోయింది. తీద్దామన్నా రాలేదు. అదెందుకో చెప్పాలంటే ఎనిమిది రోజులు వెనక్కి వెళ్లాలి.

నేను ముఖాలు గీస్తాను. దొంగను చూసినవాళ్లు, దెబ్బ తిన్నవాళ్లు వచ్చి నా ఎదురుగా కూర్చుంటారు. వాళ్లు చెబుతుంటే నేను పెన్సిల్‌తో వేస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. నా పెన్సిల్ పెట్టె నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే ఊరుకోను కూడా. అలాంటిదాన్ని పిలిచి, ఇకమీదట బొమ్మలు కంప్యూటర్‌లోనే వేయాలనీ, అందుకు తగిన టాబ్లెట్ ఏదో నువ్వే తేల్చి చెప్పాలనీ అన్నాడు మా ఇన్‌స్పెక్టర్. దుకాణం వాళ్లు పరీక్షకని మూడు రకాలు పది రోజులకు ఇచ్చి వెళ్లారు. ఒక కాగితం మీద గడులు గీసి, ఏది ఎందుకు బాగుందో నింపమన్నారు. పెళ్లిచూపులకు ముగ్గురిని ఒకేసారి కూర్చోబెట్టినట్టుంది నా పరిస్థితి.

మొదటిది తెర లేని నల్ల పలక. గీత ఇక్కడ గీస్తే బొమ్మ అక్కడ కంప్యూటర్‌లో పడుతుంది. చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట. మొదటి రోజంతా నేను గీసిన ముక్కులు చెవుల దగ్గరికి వెళ్లి కూర్చున్నాయి. రెండోది పెద్ద తెర. దాని మీదే గీయొచ్చు, హాయిగానే ఉంటుంది. కానీ పీటంత బరువు, గంటసేపటికి వేడెక్కి మణికట్టును కాలుస్తుంది. పైగా నా ముఖానికీ ఎదుటివాళ్ల ముఖానికీ మధ్య గోడలా నిలబడుతుంది. మూడోది చిన్నది. కంప్యూటర్ అక్కర్లేదు, చంకలో పెట్టుకుని ఆసుపత్రి మంచం దగ్గరికైనా వెళ్లొచ్చు. దాంతో వచ్చిన ఇబ్బంది ఒకటే. మనం గీసిన ప్రతి గీతనూ, చెరిపిన ప్రతి గీతనూ అది గుర్తుపెట్టుకుని, అడిగితే మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూపిస్తుంది. దానికి చాడీకోరు అని పేరు పెట్టాను.

చెయ్యి అలవాటు పడాలంటే ఎదురుగా కదలకుండా కూర్చునే మనిషి ఒకరు కావాలి. మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నేనూ మా తమ్ముడూ. అమ్మ పోయినప్పటి నుంచీ అంతే. వాడు బేకరీ వ్యాన్ నడుపుతాడు. తెల్లవారక ముందే బయల్దేరి దుకాణాలకు రొట్టెలు వేసి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతాడు. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోమంటే కిక్కురుమనకుండా కూర్చునేవాడు. వాడి స్వభావమే అంత. ఒకరి జోలికి పోడు, గట్టిగా మాట్లాడడు. దారిలో ఏదైనా పడిపోయి ఉంటే మాత్రం దాటి వెళ్లలేడు. పూలకుండీ కానీ, ఎవరిదో బోర్డు కానీ, నిలబెట్టి గానీ కదలడు. గుమ్మం దగ్గర చెప్పులన్నీ వరసగా సర్దుతాడు. నేను ఆ పిచ్చిని వెక్కిరిస్తుంటాను.

ఆ వారం రోజుల్లో వాడి ముఖం పాతిక సార్లైనా గీసి ఉంటాను. ఎడమవైపు పాపిడి. మాట్లాడేటప్పుడు కాస్త కిందికి జారే ఎడమ పెదవి కొస. అన్నీ వేశాను, ఒక్కటి తప్ప. వాడి కుడి కనుబొమలో, చివరి భాగంలో, వెంట్రుకలు మొలవని సన్నటి గీత ఉంది. నాకు తొమ్మిదేళ్లు, వాడికి ఆరేళ్లు ఉన్నప్పుడు కోపంలో నేను విసిరిన జామెట్రీ పెట్టె తగిలి అయిన గాయం అది. దాన్ని నేనెప్పుడూ వేయను. వేయబోతే చెయ్యి రాదు. వాడు బొమ్మ చూసి, "నీ సంతకం మర్చిపోయావక్కా" అని నవ్వేవాడు.

మంగళవారం సాయంత్రం వాడు నవ్వలేదు. కుర్చీలో కూర్చున్నాడు గానీ, రెండు మూడు సార్లు లేచి నీళ్లు తాగాడు. ఒంట్లో బాలేదా అని అడిగాను. నిద్ర చాల్లేదన్నాడు. బుధవారం అసలు కూర్చోనన్నాడు. నేనూ పట్టించుకోలేదు. పెద్ద తెర వేడికి నా మణికట్టు నొప్పి నాకుంది.

గురువారం పొద్దున టైలరమ్మ వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. మంగళవారం పొద్దున ఆరింటికి ఆవిడ కొట్టు ముందు రోడ్డు మీద ఒక వ్యాన్, సైకిల్ మీద వస్తున్న ముసలి వాచ్‌మన్‌ను గుద్దింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడట. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, స్పృహ లేదు. ఆ వేళప్పుడు ఆ వీధిలో మేలుకుని ఉన్నది టైలరమ్మ ఒక్కతే. స్కూలు యూనిఫాంలు అందించాల్సి ఉందని చీకటితోనే కొట్టు తీసిందట. వ్యాన్ తెల్లదని తెలుసు, నంబరు చూడలేదు. డ్రైవర్ దిగడం మాత్రం చూసింది.

దిగినవాడు ముసలాయన మీదికి వంగి చూశాడట. తర్వాత పక్కనే పడి ఉన్న సైకిల్‌ను లేవదీసి, స్టాండ్ వేసి నిలబెట్టి, వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడట. మనిషిని వదిలేసి సైకిల్ నిలబెట్టేవాడెవడండీ, అని ఇన్‌స్పెక్టర్ చేతులు తిప్పాడు. నేనూ తల ఊపాను. నా మనసులో ఏదో కదిలినట్టయింది గానీ, అదేమిటో చూడలేదు. ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు వేరే ఆలోచనలు పెట్టుకోకూడదన్నది నా నియమం.

ఇంకో నియమం కూడా ఉంది. గీత గీసే ముందు, చూసినవాళ్లు చెప్పిందంతా వాళ్ల మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకుంటాను. గీయడం మొదలయ్యాక బొమ్మ వాళ్ల జ్ఞాపకాన్ని లాగేసుకుంటుంది. అందుకే మాట ముందు, గీత తర్వాత. రాసుకున్నాను. పాపిడి కుడివైపు. కుడి పెదవి కొస కిందికి. ఎడమ కనుబొమలో సన్నగా ఖాళీ గీత. అతని ఎడమా, మీ ఎడమా అని అడిగాను. ఎప్పుడూ అడుగుతాను. అతని ఎడమేనని తన కనుబొమ మీద టేపు ఆనించి మరీ చూపించింది. టైలర్ల కన్ను కొలిచినట్టే ఉంటుంది. ఇంత తేటగా చెప్పినవాళ్లు నాకు పంతొమ్మిదేళ్లలో నలుగురో ఐదుగురో.

టైలరమ్మ నా ముఖం చూస్తూ చెప్పాలి కాబట్టి పెద్ద తెర పక్కన పెట్టి చాడీకోరు మీదే వేశాను. రెండు గంటలు పట్టింది. పూర్తయ్యాక తిప్పి చూపిస్తే ఆవిడ కళ్లు పెద్దవి చేసి, వీడేనమ్మా, అచ్చం వీడే, అంది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ ముఖాన్ని ఎక్కడో చూశాననిపించింది. ఎవరో మాత్రం తట్టలేదు. చూసేకొద్దీ పరాయివాడే. శనివారం ఊరంతా అంటించడానికి అచ్చు వేయించాలి, రేపు సాయంత్రానికల్లా పంపమని చెప్పి ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు.

భోజనం చేసి వచ్చాక గడుల కాగితం ముందేసుకున్నాను. బొమ్మను తిప్పి చూసే వీలు, అని ఒక గడి ఉంది. కాగితం మీదైతే మాకు పాత పద్ధతి ఒకటుండేది. ముఖం సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించేవాళ్లం. కుడి ఎడమై, ఎడమ కుడై, అలవాటు పడిపోయిన కంటికి తప్పులు ఇట్టే కనిపించేవి. వీటిలో దానికో గుర్తు ఉంది, నొక్కితే చాలు. మూడింటిలో ఎలా పనిచేస్తుందో చూద్దామని, చేతికి అందిన చాడీకోరు తీసి, తెరిచి ఉన్న ఆ బొమ్మ మీదే నొక్కాను.

నా తమ్ముడు నన్ను చూశాడు.

వాడి పాపిడి, వాడి పెదవి, నేను ఎన్నడూ వేయని ఆ గీతతో సహా, వాడే. మళ్లీ నొక్కాను. ఎవరో పరాయివాడు. మళ్లీ నొక్కాను. తమ్ముడు. అప్పుడే వేలు బిగుసుకుపోయింది. కింద ఎవరో తలుపు వేసిన చప్పుడుకు పై ప్రాణాలు పైనే పోయాయి. చాడీకోరును ఒళ్లో బోర్లా పెట్టుకుని, దాని మీద పైటకొంగు కప్పి కూర్చున్నాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నానని కూడా గుర్తు లేదు.

మనిషికి భయం వేస్తే ముందు వెతుక్కునేది సాకు. నాకు వెంటనే దొరికింది. పాతిక సార్లు గీసిన ముఖం కాబట్టి చెయ్యి దానంతట అదే వాడిని గీసేసి ఉంటుంది, అంతే. కాసేపు ఊపిరాడింది. తర్వాత నోటు పుస్తకం గుర్తొచ్చింది. మాట ముందు, గీత తర్వాత. నా నియమమే నా గొంతు పట్టుకుంది. పుస్తకం తెరిచాను. కావలసిన పేజీ రెండు సార్లు దాటిపోయింది. కనుబొమలో గీత నా చేతిలోంచి రాలేదు, టైలరమ్మ నోట్లోంచే వచ్చింది.

కానీ అక్కడ ఎడమ అని ఉంది. అతని ఎడమ. నేను అడిగి మరీ రాసుకున్నాను. మా వాడికి కుడి. పాపిడి కూడా అటుది ఇటు. ఊళ్లో కనుబొమ తెగినవాళ్లు ఎంతమంది లేరు, తెల్ల వ్యాన్లు ఎన్ని లేవు. నా తమ్ముడు కాదు. ఆ ఎడమ అన్న మాటను పట్టుకుని ఆ మధ్యాహ్నం అంతా గడిపాను. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, ఉందా అని చూసుకున్నాను. ఉంది.

ఇంటికి వెళ్లేసరికి వ్యాన్ ఎప్పుడూ ఆపే చోట కాకుండా గోడ వైపు ముఖం పెట్టి ఆపి ఉంది. గోడకూ దానికీ మధ్య మనిషి దూరే సందు లేదు. ఏమిట్రా ఇలా ఆపావు అని అడిగాను. ఎండ తగలకుండా అన్నాడు. వాడు అబద్ధం చెప్పినప్పుడు మెడ మీద చెయ్యి వేసుకుంటాడు, చిన్నప్పటి నుంచీ. చెయ్యి మెడ మీదే ఉంది. ఇంకో మాట అడిగితే వాడు ఏం చెబుతాడోనని భయపడి నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. ఆ రోజు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, కంచాల్లోకి చూసుకుంటూ తిన్నాం.

శుక్రవారం పొద్దున చాడీకోరును సంచిలో పెట్టుకుని టైలరమ్మ కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. అచ్చుకు పంపే ముందు బొమ్మను ఇంకోసారి చూపించాలని చెప్పాను ఆఫీసులో. నిజానికి నేను వెళ్లింది ఆ ఎడమ అన్న మాటను గట్టి చేసుకోవడానికి. రోడ్డు పక్కన ఎవరో సైకిల్‌ను గోడకు ఆనించారు. ముందు చక్రం వంకరగా ఉంది. అటు చూడకుండా లోపలికి వెళ్లాను.

ఇరుకు కొట్టు. కుట్టు మిషన్ వెనక గోడను ఆనుకుని ఉంది. దాని ముందు కూర్చుంటే వీధి వీపు వెనక ఉంటుంది. మిషన్ పైన, గోడకు, బట్టలు వేసుకుని చూసుకునే నిలువుటద్దం. టైలరమ్మ తలెత్తి, అద్దంలోంచే నన్ను చూసి నవ్వింది. వెనక్కి తిరగలేదు.

మంగళవారం ఎక్కడ కూర్చుని ఉన్నారని అడిగాను.

"ఇక్కడేనమ్మా. ముప్పై ఏళ్లుగా ఇక్కడే. అద్దంలోంచే వీధంతా చూస్తుంటాను. ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో అన్నీ తెలుస్తాయి. నేను మిషన్ మీంచి కాలు తీసి లేచి గుమ్మంలోకి వచ్చేసరికి బండి వెనక భాగమే కనిపించింది."

అద్దంలో చూశానని మాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. చూడటం చూడటమే కదా, అంది. ముప్పై ఏళ్లు అద్దంలోనే వీధిని చూసిన మనిషికి ఆ వీధే అసలుది. తప్పు ఆవిడది కాదు. మా వాళ్లెవరూ ఈ కొట్టులోకి రాలేదు, రోడ్డు మీద నిలబెట్టి మాట్లాడి పంపేశారు. కుడీ ఎడమా అని అంత జాగ్రత్తగా అడిగిన నేను, ఎక్కడి నుంచి చూశారని అడగలేదు. అద్దంలోకి చూశాను. ఎదుటి కొట్టు బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. నేను పట్టుకుని వేలాడుతున్న ఆ ఒక్క మాటా తెగిపోయింది.

ముసలాయన భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉందట, ఇంటికి వెళ్లమన్నా వెళ్లడం లేదట, నాలుగు రోజులైందట. టైలరమ్మ దారం తెంపుతూ చెప్పింది. నేను బొమ్మ చూపించకుండానే బయటికి వచ్చేశాను.

అసలు భయం ఆ దారిలో మొదలైంది. అప్పటిదాకా వాడేమోనని భయపడ్డాను. ఇప్పుడు నాకు నేనే భయం. ఎందుకంటే ఏమీ చేయక్కర్లేదు. ఉన్న బొమ్మను ఉన్నట్టు పంపిస్తే చాలు. అది అద్దంలో ముఖం. వారం రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసిన నేనే పోల్చుకోలేకపోయాను, గోడ మీద చూసి ఎవరు పోల్చుకుంటారు? నేను అబద్ధం కూడా చెప్పినట్టు కాదు. టైలరమ్మ చెప్పింది చెప్పినట్టే గీశాను, పుస్తకంలో రుజువు ఉంది. ఒక్క గుర్తు నొక్కకుండా ఉంటే నా తమ్ముడు నాకు మిగులుతాడు. చాడీకోరు నేను బొమ్మను మూడు సార్లు తిప్పి చూశానని గుర్తుపెట్టుకునే ఉంటుంది. కానీ దాన్ని అడిగేదెవరు? నడుస్తూ నడుస్తూ ఇవన్నీ లెక్క వేసుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన వాళ్లందరూ గుర్తొచ్చారు. వాళ్లకు నేను ఒక మాట ఇస్తూ వచ్చాను, మీరు చూసింది చూసినట్టు చూపిస్తానని.

ఆఫీసుకు వెళ్లలేదు. ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం మూడైంది. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను పిలవకుండానే, బొమ్మ వేయించుకునే మనిషిలా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. సంచిలోంచి చాడీకోరు తీసి, బొమ్మ తెరిచి వాడి ఒళ్లో పెట్టాను.

వాడు చాలాసేపు చూశాడు. ఎవరు ఇతను, అన్నాడు. నిజంగానే పోల్చుకోలేదు. ఆ క్షణంలో చాడీకోరును లాక్కుని మూసేయాలనిపించింది. ఎవరో లేరా, అని నవ్వేయాలనిపించింది. దేవుడా, ఎంత తేలిక. నేను వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ గుర్తు ఎక్కడుందో చూపించాను. వాడు నొక్కాడు.

బొమ్మలోని కనుబొమ మీద వేలు పెట్టాడు, తర్వాత తన కనుబొమ మీద పెట్టుకున్నాడు.

"సైకిల్ నిలబెట్టానక్కా," అన్నాడు. "ఆయన్ని కూడా లేపుదామనుకున్నాను. రక్తం చూసి చేతులు రాలేదు. సైకిలొక్కటే నిలబెట్టగలిగాను."

ముసలాయన బతికే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. అప్పుడు వాడు ఏడ్చాడు. చిన్నప్పుడు జామెట్రీ పెట్టె తగిలినప్పుడు ఏడ్చినట్టే, చప్పుడు లేకుండా, నోరు తెరిచి. ఆ రోజు నేను వాడి నోరు మూసి, అమ్మకు చెప్పకురా అని బతిమాలాను. వాడు చెప్పలేదు. గుమ్మం తగిలిందన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా పేరు బయట పెట్టలేదు. ఇప్పుడు వాడు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆ భయం నన్ను ఇంకా వదల్లేదు.

"ఇది పంపేశావా?" అన్నాడు కాసేపటికి.

"ఇంకా లేదు."

"తిప్పిన బొమ్మే పంపు," అన్నాడు. "వద్దులే. నేనే వస్తాను. నువ్వు నా పక్కన ఉంటావా?"

ఉంటానన్నాను.

ముఖం కడుక్కుని వస్తానని లోపలికి వెళ్లాడు. నాకు చేతులు ఊరికే ఉంచుకోవడం చేతకాలేదు. సంచిలో ఉన్న గడుల కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నాను. మూడోది తీసుకోవచ్చు, అని రాశాను. కారణం దగ్గర, సాక్షి ఉన్న చోటికే తీసుకెళ్లొచ్చు, బొమ్మను తిప్పి చూడటం తేలిక, అని రాశాను. అక్షరాలు నావిలా లేవు. లోపల నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చున్నాను. వాళ్లు వాడిని ఎక్కడ కూర్చోబెడతారు, ఎవరు ఏమంటారు, నన్ను లోపలికి రానిస్తారా, ఏమీ తెలియదు. పంతొమ్మిదేళ్లుగా రోజూ ఎక్కే స్టేషన్ మెట్లే, ఇవాళ ఎన్ని ఉన్నాయో కూడా గుర్తు రావడం లేదు.

తలుపు తీశాను. తమ్ముడు నాకంటే ముందే గుమ్మం దగ్గరికి వెళ్లి కింద కూర్చుని, నేను వచ్చేటప్పుడు తోసేసిన చెప్పులను, వేసుకోవడానికి వీలుగా బయటి వైపుకి తిప్పి, పక్కపక్కనే పెడుతున్నాడు.